గోవిందరావు మాట

జంషెడ్‌పూర్ బాగ్‌బేరాలో తెలుగువాళ్ళ ఇంట ఎవరికైనా పెళ్ళి సంబంధం కుదిరేలా ఉందంటే, నాలుగు రోజుల్లో ఎవరో ఒక కొత్త మనిషి గోవిందరావు ఇంటి గేటు ముందు నిలబడి, ఫలానావాళ్ళ ఇల్లెక్కడండీ అని అడగడం మామూలు. ఆ ఫలానావాళ్ళు అసలు ఉండరు. ఉన్నా, అడిగిన మనిషికి వాళ్ళతో పనుండదు. పలాస నుంచో సోంపేట నుంచో రైలెక్కి వచ్చి, వియ్యమందబోయే వాళ్ళ గుట్టుమట్లు ఇరుగుపొరుగుని అడిగి తెలుసుకోవడానికి అదొక పద్ధతి. ఆరా తియ్యడం అంటారు. నిజం తెలుసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి అబద్ధంతోనే మొదలుపెడతాడన్నమాట. దానికెవరూ ఏమీ అనుకోరు. గోవిందరావు గేటు తీసి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఆ మనిషి గుటకలు వేయడం అయ్యాక, "ఎవుల గురించండి?" అని మెల్లగా అడుగుతాడు. వచ్చినాయన ఊపిరి పీల్చుకుని అసలు సంగతిలోకి దిగుతాడు.

ఇంతమంది ఉండగా ఆయన దగ్గరికే ఎందుకంటే, గోవిందరావు అబద్ధం చెప్పడని అక్కడ శ్రీకాకుళం జిల్లాలో కూడా తెలుసు. ఆయన గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. బండి చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని, చూసింది చూసినట్టు డ్రైవరుకి చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆయన అంతా బాగుందంటే ముందున్న డ్రైవరు మరో మాట లేకుండా బండి కదిపేవాడు. రిటైరయ్యాక బండి లేదు గానీ ఆ గుణం ఉండిపోయింది. పిల్లాడు కోపిష్ఠా అంటే కోపిష్ఠే అంటాడు. పిల్లకి పనీపాటా వచ్చా అంటే రాదంటాడు. కాకపోతే అడిగినదానికే జవాబు. అడగనిది చెప్పడు. ఎవరూ అడగనప్పుడు ఊరుకోవడం అబద్ధం కిందికి రాదని ఆయనకై ఆయన పెట్టుకున్న నియమం ఒకటుంది. ఆ నియమం వల్ల ఆయన హాయిగా నిద్రపోయేవాడు. పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళలో మాత్రం ఆయన గేటు చప్పుడైతే చాలు, గుండెలు దడదడలాడేవి.

ఆయన భార్య నూకాలమ్మ దారి వేరు. కూరల బండివాడితో పక్కవీధిలో ఇంతకంటే చవగ్గా ఇస్తున్నారంటుంది. పక్కవీధిలోకి ఆవిడ వెళ్ళి ఎన్నాళ్ళయిందో. చుట్టం ఎవరైనా ఫోన్ చేసి విసిగిస్తే, ఆయన ఊళ్ళో లేరంటుంది, ఆయన ఎదురుగా కూర్చుని దగ్గుతూ ఉండగా. వీటిని అబద్ధాలంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. మాటలంటుంది. మనిషన్నాక నాలుగు మాటలాడాలి గదా అంటుంది.

మొగుడి సత్యసంధత మీద ఆవిడకి పాత గుర్రు ఒకటుంది. వెనకింటి ప్రసన్నకి మంచి సంబంధం వచ్చినప్పుడు, ఆరాకి వచ్చినవాళ్ళు ఇంతకుముందు ఏమైనా సంబంధం కుదిరి తప్పిపోయిందా అని అడిగారు. తప్పిందని గోవిందరావు చెప్పాడు. పిల్ల బంగారమనీ, తప్పు అవతలివాళ్ళదనీ కూడా చెప్పాడు. వాళ్ళు మొదటి ముక్క మాత్రమే మూటగట్టుకుని వెళ్ళిపోయారు. ప్రసన్నకేం, తర్వాత తనతో పనిచేసే సూరజ్‌ని ఇష్టపడి చేసుకుని, బిర్సానగర్‌లో సుఖంగానే ఉంది. వాళ్ళమ్మ మాత్రం ఈ రోజుకీ నూకాలమ్మ ఎదురైతే రోడ్డు దాటి అటు వెళ్ళిపోతుంది.

అలాంటిది, ఇప్పుడు పక్కింటి సురేష్‌కి సంబంధం వచ్చింది.

సురేష్ తండ్రి అప్పలసూరి, గోవిందరావు ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. రైల్వే క్వార్టర్లలో ఇరుగుపొరుగు. క్వార్టర్లు ఖాళీ చేశాక, దూరం పోవడం ఇష్టంలేక పక్కపక్కనే స్థలాలు కొనుక్కుని, మధ్యలో నడుమెత్తు గోడ ఒకటి లేపి ఇళ్ళు కట్టుకున్నారు. సురేష్‌ని గోవిందరావు చంకనెత్తుకుని తిప్పాడు. ఆ సురేష్ పెద్దవాడై ఆదిత్యపూర్‌లో ఓ వర్క్‌షాపులో కుదురుకున్నాక, తాగుడు మరిగాడు. ఒక రోజు పట్టపగలు వీధి మొగలో పడిపోయి ఉంటే, గోవిందరావే స్కూటర్ మీద వేసుకుని ఇంటికి చేర్చాడు. ఆ తర్వాత వాడిని రాంచీలో మందు మాన్పించే చోట చేర్పించారు. కొన్ని నెలలున్నాడు. వీధిలో అందరితో ట్రైనింగని చెప్పారు. ట్రైనింగు కాదని వీధిలో అందరికీ తెలుసు. అయినా ఎదురైనప్పుడల్లా, అబ్బాయి ట్రైనింగ్ ఎలా సాగుతోందండీ అని అడిగేవారు. గోవిందరావుని ఎవరూ అడగలేదు గనుక ఆయన ఊరుకున్నాడు.

తిరిగొచ్చాక సురేష్ మళ్ళీ ముట్టలేదు. గోవిందరావు గార్డు కళ్ళతో చూస్తూనే ఉన్నాడు. పని నుంచి నేరుగా ఇంటికొస్తాడు, తల్లి గౌరీదేవిని బజారుకి తీసుకెళ్తాడు, సాయంత్రం గోడకి ఆనుకుని టీ తాగుతాడు. నడకలో గానీ మాటలో గానీ తేడా లేదు.

పిల్లది పలాస. పేరు ఉజ్వల, శ్రీకాకుళంలో ఓ ఆసుపత్రిలో నర్సు. తండ్రి హరిప్రసాద్‌ది జీడిపప్పు వ్యాపారం. ఫొటోలు అటూ ఇటూ వెళ్ళాయి. పిల్లలిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారు. ఇంక మిగిలింది ఆరా ఒక్కటే, అది ఎవరి దగ్గరికి వస్తుందో చెప్పక్కర్లేదు.

ఆ వారం నుంచి గోడ మీదుగా గిన్నెలు రావడం మొదలైంది. గౌరీదేవి చేతి చేపల పులుసు ఒక రోజు, పనసకాయ కూర ఒక రోజు, పాకం గారెలు ఒక రోజు. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో గిన్నెలు రావడం కొత్త కాదు గానీ ఇంత వరసగా ఎప్పుడూ రాలేదు. గోవిందరావు ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, గోడ వైపు చూసేవాడు. అంత రుచిగా ఉన్న పులుసు ఆయనకి గొంతు దిగేది కాదు. అలాగని వదిలిపెట్టేవాడూ కాదు.

అప్పలసూరి కూడా వచ్చాడు. అబద్ధం చెప్పమని అడుగుతాడనీ, కుదరదని చెప్పేయాలనీ గోవిందరావు సిద్ధమై కూర్చున్నాడు. అప్పలసూరి ఏమీ అడగలేదు. టీ తాగాడు, ఎండల గురించి మాట్లాడాడు, మోకాళ్ళు పట్టుకుని లేచి, "వత్తాను బావా" అని వెళ్ళిపోయాడు. అడిగి ఉంటే బాగుండేదని గోవిందరావుకి అనిపించింది. కాదనడానికైనా వీలుండేది.

సురేష్ మాత్రం అడిగాడు. ఒక సాయంత్రం గోడ దగ్గర టీ గ్లాసు పట్టుకుని, "మావయ్యా, ఆప్ జో దేఖే హైఁ, వహీ బోలియేగా" అన్నాడు. చూసిందే చెప్పమన్నాడు. తెలుగులో చెప్పినా హిందీలో జవాబిచ్చే రకం వాడు. చెప్పి, గ్లాసు గోడ మీద పెట్టి లోపలికి వెళ్ళాడు. అంత తేటగా చెప్పిన మాటని గోవిందరావు ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు. జీవితమంతా ఉన్నదున్నట్టు చెప్పినవాడు, ఎదుటివాడు ఉన్నదున్నట్టు చెబితే నమ్మలేకపోయాడు. పాపం గుంటడు ఆశ వదులుకున్నాడనుకున్నాడు. ఆయన మనసు నీరైపోయింది.

నూకాలమ్మ వాయిస్తూనే ఉంది. ఈసారైనా నోరు అదుపులో పెట్టుకోమంది. ప్రసన్న తల్లి మాటలు మానేసింది, ఇప్పుడు గౌరీదేవి కూడా మానేస్తే తను ఈ వీధిలో ఎవరితో మాట్లాడాలని అడిగింది. ఆయన పైకి కసిరాడు గానీ లోపల తర్కించుకున్నాడు. సురేష్ తాగేవాడన్నది నిజం. మానేశాడన్నదీ నిజమే. రెండూ చెబుతాడు. పలాసాయన రెండూ వింటాడా? వినడు. మొదటిది పట్టుకుని రైలెక్కేస్తాడు. తాగుబోతు వెధవకి పిల్లనిద్దామనుకున్నాం, దేవుడు కాపాడాడని ఇంటికెళ్ళి చెబుతాడు. అది అబద్ధం కదా. తను నిజం చెబితే అవతలివాడి బుర్రలో అబద్ధం పడుతుందంటే, తను అబద్ధం చెబితేనే నిజం పడుతుందేమో. ఈ తర్కం ఎక్కడో తేడాగా ఉందని ఆయనకి తెలుస్తూనే ఉంది. ఎక్కడో మాత్రం చిక్కలేదు.

హరిప్రసాద్ ఒక ఆదివారం పదకొండింటికి గేటు దగ్గరికి వచ్చి, రమణమూర్తిగారి ఇల్లెక్కడండీ అని అడిగాడు. చేతిలో జీడిపప్పు పొట్లం, పక్కన కూతురు. ఆరాకి పిల్లని వెంటబెట్టుకు రావడం గోవిందరావు ఎన్నడూ చూడలేదు. పిల్ల చామనఛాయగా, సూటిగా చూసే మనిషి. తండ్రి రమణమూర్తి పేరెత్తినప్పుడు సిగ్గుపడి పక్కకి చూసింది. గోవిందరావు ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. నూకాలమ్మ సాయానికని ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళింది.

హరిప్రసాద్ ఉద్యోగం అడిగాడు, తల్లిదండ్రుల తీరు అడిగాడు. అన్నిటికీ గోవిందరావు అలవాటుగా నిజాలు చెప్పాడు. అప్పుడు హరిప్రసాద్ కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని, "కుర్రోడికి అలవాట్లు ఏటైనా ఉన్నాయాండి? మందూ గిందూ?" అన్నాడు.

"లేవండి," అన్నాడు గోవిందరావు. "ఎప్పుడూ ముట్టలేదు. నా కళ్ళ ముందర పెరిగిన గుంటడు. నమ్మండి."

నమ్మండి అన్న మాట ఆయన అంతకుముందు ఆరాల్లో ఎప్పుడూ వాడలేదు. వాడాల్సిన పని పడలేదు. అది తన నోట్లోంచి రావడం విని ఆయనే ఉలిక్కిపడ్డాడు.

మరి రాంచీలో అన్నాళ్ళున్నాడట కదా అన్నాడు హరిప్రసాద్. ట్రైనింగన్నాడు గోవిందరావు. మొదటి అబద్ధానికి ఎన్నో రోజులు కిందా మీదా పడ్డాడు. రెండోది దానంతటదే వచ్చి నోట్లో కూర్చుంది.

హరిప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఉన్నది ఒక్కతే పిల్లనీ, పలాసలో ఎవర్ని అడిగినా గోవిందరావుగారు ఔనంటే కళ్ళు మూసుకుని చేసేయమన్నారనీ చెప్పి, ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆ చేతుల్లో చేతులుంచి కూర్చోవడం గోవిందరావు వల్ల కాలేదు. టీ తెమ్మని కేకేసే వంకతో వెనక్కి లాక్కున్నాడు. హరిప్రసాద్ భార్యకి ఫోన్ చేసి చెబుతానని గేటు బయటికి వెళ్ళాడు.

ఉజ్వల టీ గ్లాసుల పళ్ళెంతో వంటింటి గడపలో నిలబడి ఉంది. అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలిసింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, తండ్రి లేచిన కుర్చీలో కూర్చుంది.

"సురేష్ నాకు మొత్తం సెప్పేసాడంకుల్," అంది. "రాంచీ సంగతి సెప్పేడు. రోడ్డు మీద పడిపోతే మీరు స్కూటర్ మీద తెచ్చేరని కూడా సెప్పేడు."



తండ్రికి ఆ సంగతి తను చెబితే ఇంట్లో గోలైపోతుందనీ, ప్రేమలో పడి వెనకేసుకొస్తోందంటారనీ ఆ పిల్ల చెప్పింది. సురేషే అన్నాడట, గోవిందరావు మావయ్య అబద్ధమాడడు, మీ నాన్నని ఆయన దగ్గరికి తీసుకురా అని.

"తాగేవోడు, మానేసేడు అని మీరు సెప్తే, మా నాన్న మొదట కంగారుపడినా మీ రెండో మాట కూడా నమ్మేవోరు. మీకున్న పేరు అలాటిది. అందుకే రెండ్రోజులు సెలవెట్టి తీసుకొచ్చేను."

గోవిందరావు లేచాడు. పిలిచి ఇప్పుడే చెప్పేస్తానన్నాడు. ఆ పిల్ల గేటు వైపు చూసింది. హరిప్రసాద్ ఫోన్ చెవికి ఆనించుకుని, నవ్వుతూ, ఖాళీగా ఉన్న చేతిని ఊపుతూ మాట్లాడుతున్నాడు.

"వద్దంకుల్. ఇప్పుడు మాట మారిస్తే, ఆయన రెండిట్లో ఏదీ నమ్మరు."

నిజమే. గోవిందరావు కూర్చున్నాడు. ఆ పిల్లకి కోపం లేదు. అదే ఆయనకి ఎక్కువ కష్టంగా ఉంది. పెళ్ళి చేసుకుంటానంది. అది తను ముందే అనుకున్నదేనంది. తర్వాత, వార్డులో రోగిని మాత్ర వేసుకున్నారా అని అడిగినంత మామూలుగా ఒక్క మాట అడిగింది.

"రేపొద్దున్న నాకే అనుమానమొచ్చి, మళ్ళీ మొదలెట్టేడా అని మిమ్మల్ని అడిగేననుకోండి. లేదమ్మా అంటారు. అప్పుడు నేనేటనుకోవాలి?"

హరిప్రసాద్ గేటు తీసుకుని లోపలికి వచ్చేశాడు. టీ చల్లారిపోయిందని నూకాలమ్మ మళ్ళీ కాచింది.

వాళ్ళు వెళ్ళాక మొగుడూ పెళ్ళాలకి పెద్ద గొడవే అయింది. అంతా నీ వల్లేనన్నాడు ఆయన. అప్పుడు బయటపడిన సంగతేమిటంటే, ఆ పిల్ల వంటింట్లో నూకాలమ్మని కూడా సురేష్ గురించి అడిగింది. నూకాలమ్మ యాలకులు దంచుతూనే ఉన్నదంతా చెప్పేసింది. తాగేవాడంది, రాంచీ అంది, ఇప్పుడు మానేశాడంది, అయినా ఓ కన్నేసి ఉంచుకోమని కూడా అంది.

గోవిందరావు నమ్మలేకపోయాడు. "అబద్దం సెప్పమన్నావు. నువ్వేమో నిజం సెప్పేసినావేటి?"

"ఆల నాన్నకి సెప్పమన్నాను అబద్దం. ఆ పిల్లకి కాదు," అంది నూకాలమ్మ. "కాపరం సేసీది ఆయనేటి?"

అబద్ధంలో కూడా ఎవరికి చెప్పాలి, ఎవరికి కూడదు అన్న విచక్షణ ఒకటి ఉంటుందని గోవిందరావుకి ఆ వయసులో, ఆ వంటింటి గడపలో తెలిసింది. జీవితమంతా ఆడుతూ వచ్చిన ఆవిడకి ఆ ఒడుపు ఉంది. ఆయన కొత్తగా దిగి, తిన్నగా పోయి ఆడకూడని చోటే ఆడాడు.

పెళ్ళి పలాసలో బాగా జరిగింది. హరిప్రసాద్ విడిదింట్లో కనబడిన ప్రతివాడికీ గోవిందరావుని చూపించి, ఈయన మాట మీదే పిల్లనిచ్చానని చెప్పాడు. అందరూ దణ్ణాలు పెట్టారు. గోవిందరావు కడుపునొప్పని చెప్పి భోజనాల దగ్గర్నుంచి తొందరగా లేచాడు. కడుపునొప్పి లేదు. ఉజ్వల జంషెడ్‌పూర్ వచ్చి, ఓ నర్సింగ్‌హోమ్‌లో చేరింది. గోడ మీదుగా గిన్నెలు మళ్ళీ మామూలుగా, పండక్కో పబ్బానికో వస్తున్నాయి. ఆరాలకి వచ్చినవాళ్ళని గోవిందరావు గేటు దగ్గరే, నాకు తెలీదండీ అని పంపించేయసాగాడు. వయసు మీదపడి బద్ధకించాడని వీధిలో అనుకున్నారు.

ఆ పిల్ల ఆయనతో ఎప్పుడూ గౌరవంగానే ఉంది. అంకుల్ పోయి మావయ్య వచ్చింది. బి.పి. చూసేది, పళ్ళు పంపేది. ఒక్కటి మాత్రం, ఆయన్ని ఏదీ అడిగేది కాదు. కరెంటు ఎప్పుడు పోయింది, కూరలవాడు వెళ్ళిపోయాడా లాంటివి కూడా గోడ మీదుగా నూకాలమ్మనే అడిగేది. కావాలని చేస్తోందని కాదు. దారిలో గొయ్యి ఉందని తెలిసిన కాళ్ళు వాటంతటవే పక్కకి వెళ్ళినట్టు వెళ్ళేది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం గోవిందరావు కొత్త కళ్ళజోడు తెచ్చుకోవడానికి సాక్చీ వెళ్ళాల్సి వచ్చింది. సురేష్‌కి ఆ రోజు సెలవు. వీధి మొగలో ఎదురై స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. షాపులో జోడు తయారవలేదు, కూర్చోబెట్టారు. బయల్దేరాక దారిలో వాన పట్టుకుంది. ఒక దుకాణం చూరు కింద నిలబడ్డారు. సురేష్ ఫోన్ వానలో తడిసి ఆగిపోయింది. గోవిందరావు ఫోన్ ఇంట్లోనే మర్చిపోయాడు. ఇంక వీధి మొగలోకి వచ్చాక టైరు పంచరయింది. వాడు ఆయన్ని దింపేసి, స్కూటర్ తోసుకుంటూ పంచరు షాపుకి వెళ్ళాడు.

గోవిందరావు గొడుగు మడుస్తూ గేటు తీసేసరికి, డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ఉజ్వల బట్టలైనా మార్చుకోకుండా గోడ దగ్గర నిలబడి ఉంది. నూకాలమ్మ వరండాలో మోకాలికి కాపడం పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి ఆ కుర్చీ దిగలేదు ఆవిడ.

"మావయ్యా, ఆయన ఫోన్ మధ్యాహ్నం నుంచి ఆగిపోయింది," అంది ఉజ్వల. గొంతు మామూలుగానే ఉంది గానీ, గోడ మీద వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. "ఎక్కడున్నాడో మీకేటైనా తెలుసా?"

పెళ్ళయ్యాక ఆయన్ని ఆ పిల్ల అడిగిన మొదటి మాట అది.

గోవిందరావు ఆత్రంగా చెప్పుకొచ్చాడు. నాతోనే ఉన్నాడమ్మా అన్నాడు. కళ్ళజోడు తయారవలేదన్నాడు, వానన్నాడు, ఫోన్ తడిసిందన్నాడు, తన ఫోన్ ఇంట్లో ఉండిపోయిందన్నాడు, ఆఖరికి టైరు పంచరన్నాడు. చెబుతున్నకొద్దీ ఆ మాటలు ఆయన చెవులకే, తాగుబోతు మొగుణ్ణి వెనకేసుకొచ్చే ముసలాడి కట్టుకథలా వినబడ్డాయి. ఒక్కటైనా తక్కువ చెప్పాల్సిందనుకున్నాడు. నమ్మమ్మా అనబోయి, ఆ మాట ఇంతకుముందు ఎక్కడ వాడాడో గుర్తొచ్చి ఆగిపోయాడు.

"అలాగా మావయ్యా," అంది ఉజ్వల. మర్యాదగా తలూపింది. ఆయన్ని దాటి వరండాలోకి చూసింది.

"నిజమేనా అత్తా?"

నూకాలమ్మ కాపడం గుడ్డ పక్కన పెట్టింది. "నిజమేనే," అంది తాపీగా. "కరేపాకు కోసమని నానిప్పుడే ఈది సివరికి ఎల్లొచ్చేను. పంచరు షాపు కాడ సూసేను నీ మొగుణ్ణి. నా కళ్ళతోటే సూసేను. బురద బురదగా ఉన్నాడు, ఏణ్ణీళ్ళు కాసెట్టు."

ఉజ్వల వేళ్ళు గోడని వదిలాయి. ముఖం తేటపడింది. చిన్నగా నవ్వి, నీళ్ళు పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

గోవిందరావు గొడుగు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వరండాలో కరివేపాకు రెబ్బ ఒక్కటి లేదు. నూకాలమ్మ కాళ్ళ దగ్గర చెప్పులు పొద్దున ఉన్నచోటే, పొడిగా ఉన్నాయి. ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ మళ్ళీ కాపడం మొదలుపెట్టింది.

పక్కింట్లో గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడైంది. ఆయన నోరు తెరిచి, ఏదో చెప్పబోయి, ఊరుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.